మూటలో రాకుమారుడు, గురువారం గండం

చారిత్రక సీరియల్ దానంతటదే ఆగిపోతుందని లోకం పొరబడుతోంది. అత్తాకోడళ్ల సీరియల్ ఎవరూ పట్టించుకోకపోయినా ఏళ్ల తరబడి సాగుతుంది. రాజుల సీరియల్‌ని మాత్రం పద్ధతి ప్రకారం, నలుగురు నిపుణులు కూర్చుని, అంచెలంచెలుగా చంపాలి. చెన్నైలో సినిమా వాళ్ల పేట వడపళని టీకొట్ల దగ్గర మేనేజర్లకీ కాస్ట్యూమర్లకీ కంఠతా వచ్చిన ఈ విద్య ఇంతవరకూ ఎక్కడా గ్రంథస్థం కాలేదు. ఆ లోటు తీర్చడమే ఇక్కడి ప్రయత్నం.

మొదట మంచి కథ ఎంచుకోవాలి. చెడ్డ కథను చంపడంలో గొప్పేముంది? 1614లో విజయనగరాన్ని ఏలిన ఆరవీటి వంశపు రాజు రెండవ శ్రీరంగరాయల్ని గొబ్బూరి జగ్గరాయుడు రాయవేలూరు (ఇప్పటి వెల్లూరు) కోటలో బంధించి, చివరికి కుటుంబంతో సహా చంపించాడు. ఒక్క కొడుకు మిగిలాడు. ఒక రజకుడు ఆ పిల్లవాణ్ణి మాసిన బట్టల మూటలో కోట దాటించి, రాజు పక్షాన నిలిచిన సేనాని వెలుగోటి యాచమ నాయకుడికి అప్పగించాడు. తంజావూరు రఘునాథ నాయకుడు యాచమ నాయకుడితో చేయి కలిపాడు. 1616లో కావేరి మీది కల్లణై ఆనకట్ట దగ్గర తోపూరులో యుద్ధం జరిగి జగ్గరాయుడు చచ్చాడు, మూటలోని పిల్లవాడు రామదేవరాయలయ్యాడు. అచ్చంగా తెలుగువాళ్ల కథ, అదీ చెన్నై నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే చేరుకునే కోటలో మొదలైన కథ. దీన్ని పూనమల్లి అవతల సెట్టేసి సీరియల్‌గా తీస్తున్నారనుకుందాం.

ఇప్పుడు లెక్క. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని నిబంధన. అందులో 10 సబ్బులకూ నూనెలకూ, 2 ఛానెల్ సొంత డప్పుకూ. అరగంట స్లాట్‌లో 6 పోయి, టైటిళ్లకూ ‘ఇంతవరకు జరిగిన కథ’కూ ఇంకో 2 పోతే మిగిలేది 22 నిమిషాలు. వారానికి ఆరు రోజులు కాబట్టి 132 నిమిషాలు. అంటే వారానికో సినిమా తీయాలి, అదీ కిరీటాలు పెట్టుకుని. అత్తాకోడళ్లకైతే ఒక ఇల్లు, ఒక డైనింగ్ టేబుల్, మూడు కెమెరాలు చాలు, రోజుకో ఎపిసోడ్ రాలిపోతుంది. ఇక్కడ యాచమ నాయకుడి విగ్గు, మీసం, భుజకీర్తులకే గంటన్నర. ఇరవైమంది సైనికులకు పాగాలు చుట్టాలి. మనిషికి 6 నిమిషాలు, చుట్టేవాళ్లు ఇద్దరు, అదో గంట. ఏడింటి కాల్‌షీట్‌కు మొదటి షాట్ తొమ్మిదిన్నర దాటాకే. ముందుగా తీసి దాచుకున్న బ్యాంకు ఎపిసోడ్లు రెండో నెలకల్లా హారతి కర్పూరం. ఆ తర్వాత పొద్దున తీసింది రాత్రికి వెయ్యాలి.

మీసం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. స్పిరిట్ గమ్ముతో అంటించిన మీసం ఏసీ ఫ్లోర్‌లో బుద్ధిగానే ఉంటుంది. మే నెల చెన్నై ఉక్కలో, లైట్ల కింద, పైపెదవి మీద చెమట పట్టిందా, ముందు రెండు కొసలూ లేస్తాయి. నాయకుడు గర్జించిన ప్రతిసారీ మీసం ఆయన కంటే అరంగుళం ముందుకు గర్జిస్తుంది. అందుకని డైరెక్టర్ గర్జనలు తగ్గించి గుసగుసలు పెంచుతాడు. చూసేవాళ్లు దాన్ని రాజనీతి అనుకుంటారు. క్లోజప్‌లో భుజం మీద టీకా మచ్చ కనబడితే కంగారు పడక్కర్లేదు. గిండీలో 1948లో పెట్టిన ప్రయోగశాలలో తయారైన బీసీజీ మచ్చ 1614 నాటి సేనానికి ఉందంటే ఆయన ఎంత దూరదృష్టి గలవాడో అర్థం చేసుకోవాలి.

సైన్యానికీ ఉపాయం ఉంది. కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా బిగించి, అదే ఇరవైమందిని ఎడమ, కుడి, మధ్య, ముందు, వెనక నిలబెట్టి ఐదుసార్లు తీసి అతికిస్తే వందమంది అవుతారు. చిక్కల్లా ఐదో టేక్‌కు పొద్దు వాలడమే. ఎడమవైపు సైన్యం నీడ పడమరకు, వెనకవైపు సైన్యం నీడ తూర్పుకు పడుతుంది. ఒకే దండులో రెండు పూటలు! గుర్రాలకైతే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తెచ్చుకోవాలి. 2018 దాకా ఆ బోర్డు తిరువాన్మియూరులోనే ఉండేది, ఆటోలో వెళ్లి రావచ్చు. ఇప్పుడది హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. యాచమ నాయకుడి గుర్రం యుద్ధానికి వెళ్లాలంటే దాని కాగితం ముందు ఢిల్లీ పొలిమేర దాకా వెళ్లి రావాలి.

ఇక్కడే మేనేజర్‌కు జ్ఞానోదయం అవుతుంది. కథ మొత్తంలో చవకైనది మూట! నడవా సెట్టొకటి, నలుగురు కాపలావాళ్లు, ఒక మూట. గుర్రం లేదు, గ్రీన్ మ్యాట్ లేదు. బాలనటుడి బెడద కూడా లేదు. 2017 నిబంధనల ప్రకారం పిల్లవాడు రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పనిచేయకూడదు, జిల్లా కలెక్టర్ అనుమతి కూడా కావాలి. మూటలో పిల్లవాడి ఆకారానికి స్పాంజ్ కోసి పెడితే ఈ నియమాలేవీ వర్తించవు. స్పాంజ్ అలిసిపోదు, డైలాగు మరిచిపోదు, వాళ్లమ్మ సెట్టుకు రాదు. రచయిత పొరపాటున రజకుణ్ణి కోటగుమ్మం దాటిస్తే పైనుంచి ఫోన్ వస్తుంది: “రాకుమారుణ్ణి అప్పుడే బయటికి తియ్యకండి సార్, బయటికొస్తే గుర్రం కావాలి.”

దాంతో మూట నడవాలోనే తిరుగుతుంది. ఒక కాపలావాడికి అనుమానం వస్తుంది. మూట తుమ్ముతుంది. బ్రేక్. తుమ్మింది రజకుడే అని తేలుతుంది. జగ్గరాయుడికి ఒక వదినగారు పుట్టుకొచ్చి పాయసంలో విషం కలుపుతుంది. ఆ వంటింట్లో బుట్టెడు టమాటాలు మెరుస్తుంటాయి. కల్లణై దగ్గర జరగాల్సిన చరిత్ర ఇలా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది.

డబ్బెందుకు చాలదో కూడా చెప్పాలి. మామూలు సీరియల్లో కోడలు ఫలానా నగలషాపుకు వెళ్తుంది, ఫలానా పొడి వేసి సాంబారు కాస్తుంది, ఆ పూట ఖర్చు వచ్చేస్తుంది. రఘునాథ నాయకుడు దంతధావనం చేసినా టూత్‌పేస్టు చూపించలేం. మాసిన బట్టల మూట చుట్టూ తిరిగే కథకు బట్టల సబ్బు స్పాన్సర్ దొరక్కపోవడం తెలుగు టెలివిజన్ విషాదాల్లోకెల్లా విషాదం.

ఇక గురువారం. శనివారం నుంచి శుక్రవారం దాకా జనం చూసిన లెక్కను, టీవీ రేటింగులు కట్టే సంస్థ బార్క్ ఆ తర్వాతి గురువారం చెబుతుంది. ఎవరేం చూశారో రాసుకునే దాని మీటర్లున్న ఇళ్లు దేశం మొత్తానికి 2022 నాటికి 55 వేల పైచిలుకు. టీవీలున్న ఇళ్లు 2020 లెక్కకే సుమారు 21 కోట్లు. అంటే ఒక్కో మీటరు ఇల్లు దాదాపు 3,800 ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. ఆ ఇంట్లో బామ్మగారు రిమోట్‌లో తన బటన్ నొక్కడం మరిచిపోతే ఒక ఊరు ఊరంతా నిద్రపోయినట్టు. ఇంకో తమాషా. ఈ కథ ప్రాణంగా చూసేది చెన్నై ప్యారిస్ కార్నర్ వెనక మింటు వీధి, షావుకారుపేట, పెరంబూరు తెలుగిళ్లవాళ్లు. తెలుగు ఛానెల్‌కు ప్రకటనలిచ్చేవాళ్లు అడిగేది ఆంధ్ర, తెలంగాణ అంకె. చెన్నై కళ్లు తమిళనాడు పద్దులో జమ. అప్పట్లో ‘మదరాసు మనదే’ అని ఊరేగినవాళ్ల మనవలు సోఫాలో కూర్చుని ఎంత కన్నార్పకుండా చూసినా, గురువారం నాటికి మదరాసు మళ్లీ మనది కాదు.

అంకె తగ్గగానే వైద్యం మొదలవుతుంది. రాత్రి తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుకు మారుస్తారు. ఆరింటికి చూసేవాళ్లకు కథ తెలియదు, కథ తెలిసినవాళ్లు ఇంకా లోకల్ రైల్లో ఉంటారు. అంకె ఇంకా పడుతుంది, ఖర్చు కోస్తారు. ఇరవైమంది సైనికులు పన్నెండుమంది అవుతారు. ఈలోగా జగ్గరాయుడి వారసులమంటూ ఒకరు, యాచమ నాయకుడి వారసులమంటూ ఇంకొకరు నోటీసులిస్తారు. ‘ఇందులోని పాత్రలు కల్పితం’ అన్న కార్డు అరపేజీకి పెరిగి మూడు సెకన్లలో మాయమవుతుంది.

చివరికి కబురొస్తుంది, రెండు వారాల్లో ముగించమని. తొమ్మిది ఎపిసోడ్లు పాయసం విషం తేల్చడానికే సరి. పదోదాంట్లో మూట కోట దాటుతుంది. పదకొండులో యాచమ నాయకుడు మూట విప్పి లోపలికి చూసి కళ్లు తుడుచుకుంటాడు, లోపల ఎవరున్నారో మనకు చూపించరు. పన్నెండులో తోపూరు యుద్ధం. పటం మీద రెండు ఎర్ర బాణాలు, గంభీరమైన గొంతు, నాలుగు నిమిషాలు. ‘జనానికి చరిత్రంటే ఆసక్తి లేదు’ అని ఛానెల్ వాళ్లు తీర్మానిస్తారు.

సెట్టు ఊడదీసేటప్పుడు ఏదీ వృథా పోదు. థర్మోకోల్ బురుజులు తిరగేస్తే రిసార్టు గోడలు. సింహాసనానికి కుషన్ కవరు మార్చి కొత్త సీరియల్ విలన్ అత్తగారి హాల్లో వేశారు. మూట అద్దె సామాన్ల కొట్టుకు తిరిగి వెళ్లింది. కోడలు అలిగి పుట్టింటికి వెళ్లే సీనుకు అడిగారట, నిన్ననే పంపించారు. లోపలి స్పాంజ్ మాత్రం తియ్యలేదు, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నట్టే ఉంది.