రాశి ఫలాల పక్కనే గుండె ఫలాలు కూడా వేయండి

తిండి గురించీ గుండె గురించీ పేపర్లో ఏం రాసినా, టీవీలో ఏం చెప్పినా జనం నమ్మడం మానేశారని ఈ మధ్య తెగ వినిపిస్తోంది. దీనికి మీడియాని తిట్టడం అన్యాయం. తప్పంతా పాఠకులది. పోయిన ఏడాది చదివింది ఈ ఏడాది దాకా గుర్తుపెట్టుకోమని వీళ్లకు ఎవరు చెప్పారు? పేపరన్నాక పొద్దున చదివి, నెలాఖరున కిలో లెక్కన అమ్మేసి, ఆ డబ్బులతో ఉల్లిపాయలు కొనుక్కోవాలి. అంతేగానీ 'మరి అప్పుడలా అన్నారుగా' అని నిలదీస్తారా?

గుడ్డు కేసే చూడండి. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు పచ్చసొనలు దాటొద్దని చెప్పింది. 1984లో టైమ్ పత్రిక అట్ట మీద ఒక ప్లేటు బొమ్మ వేసింది, రెండు గుడ్లు కళ్లు, కిందికి వంచిన బేకన్ (పందిమాంసం) ముక్క ఏడుపు మూతి. 2012లో కెనడా నుంచి ఒక పరిశోధన రాగానే పచ్చసొన దాదాపు సిగరెట్టంత చెడ్డదని హెడ్డింగులు. 2015లో అమెరికా ప్రభుత్వ సలహా కమిటీ, తిండిలోని కొలెస్ట్రాల్ గురించి అంత బెంగ అక్కర్లేదంది. 2018లో చైనాలో అయిదు లక్షల మంది లెక్కలు తీసి, రోజుకో గుడ్డు తినేవాళ్లకు గుండెజబ్బులు తక్కువగా ఉన్నాయన్నారు. 2019 మార్చిలో గుడ్డు మళ్లీ దోషి. 2020 మార్చిలో హార్వర్డ్ వాళ్లు వచ్చి రోజుకొక గుడ్డుతో ముప్పేమీ పెరగలేదని చెప్పారు. సరిగ్గా ఏడాదికి విడుదల. మన కోర్టుల స్పీడుతో చూస్తే గుడ్డు అదృష్టవంతురాలే.

ఇంత గొడవ నడుస్తున్నా వ్యాపార పేజీలో మాత్రం వంద గుడ్ల ధర విజయవాడలో ఎంత, చిత్తూరులో ఎంత, హైదరాబాద్‌లో ఎంత అని ఠంచనుగా వస్తూనే ఉంది. నెక్ (జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ) వాళ్లు ప్రకటించే ఆ రేటుని అందరూ నమ్ముతారు. గుడ్డు రేటు నమ్మేవాడు అదే పేపర్లో గుడ్డు గుణం ఎందుకు నమ్మడు? రేటు తప్పు పడితే తెల్లారకముందే కోళ్ల రైతు ఫోన్ చేసి దులిపేస్తాడు. గుణం తప్పు పడితే ఫోన్ చేసే నాథుడు లేడు, అంతే తేడా.

గుడ్డుని మళ్లీ దోషిని చేసిన ఆ 2019 నాటి పరిశోధన ఎలా జరిగిందో కాస్త దగ్గరగా చూస్తే మీకూ గౌరవం పెరుగుతుంది. అమెరికాలో 29,615 మంది. వాళ్లను మీరేం తింటారని ఒకే ఒక్కసారి అడిగారు. తర్వాత సగటున పదిహేడేళ్లకు పైగా ఎవరికి గుండెజబ్బు వచ్చిందో చూస్తూ పోయారు. మొన్న ఆదివారం పెళ్లి భోజనంలో ఎన్ని బూరెలు తిన్నావంటే తడుముకునే జాతి మనది, అక్కడ మాత్రం ఒకసారి చెప్పిన తిండి పదిహేడేళ్లూ అలాగే ఉంటుంది. సరే, లెక్క తేలింది: రోజుకు అరగుడ్డు ఎక్కువ తినేవాళ్లకు ముప్పు 6 శాతం ఎక్కువ. ఇది ఉన్న ముప్పు మీద 6 శాతం. నికరంగా చూస్తే పెరిగింది 1.1 శాతం, అంటే ఇన్నేళ్లలో వందమందికి అదనంగా ఒకరు. హెడ్డింగులో ఏ అంకె పెడతారో చెప్పక్కర్లేదు. పైగా పరిశోధకులు 'సంబంధం కనిపించింది' అని రాసుకుంటే డెస్కు దాటేసరికి అది 'గుడ్డు వల్లే' అయిపోతుంది. గుడ్డు తినేవాడు దాంతోపాటు ఇంకేం తిన్నాడు, ఎంత కూర్చున్నాడు, ఎన్ని సిగరెట్లు కాల్చాడు అనేవి లెక్కలో సరిచేశామంటారు. చేసే ఉంటారు లెండి, అంతా పూర్తిగా సరవుతుందా అన్నది వేరే మాట.

పాపం సబ్ ఎడిటర్ని ఒక్కడినే అనకూడదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. అక్కడి 20 పెద్ద విశ్వవిద్యాలయాల ప్రెస్ నోట్లు 462 తీసుకుని చూస్తే, పరిశోధనలో ఉన్నదానికంటే ఎక్కువ చేసి సలహాలిచ్చినవి 40 శాతం. అంటే మసాలా యూనివర్సిటీలోనే పడుతోంది, పేపరోళ్లు తాలింపు మాత్రమే వేస్తున్నారు.

చాక్లెట్ కథ తెలుసుగా? జాన్ బొహానన్ అనే జర్నలిస్టు 2015లో కొందరితో కలిసి జర్మనీలో కావాలనే ఒక నాసిరకం ప్రయోగం చేశాడు. పదిహేను మంది మనుషులు, పద్ధెనిమిది కొలతలు. బరువు, కొలెస్ట్రాల్, సోడియం, నిద్ర, ఇలా అన్ని కొలిస్తే ఏదో ఒకటి కలిసొస్తుంది కదా, కలిసొచ్చింది. చాక్లెట్ తిన్నవాళ్లు పదిశాతం వేగంగా చిక్కారు, కొలెస్ట్రాల్ కూడా బాగుంది! లేని సంస్థ పేరు పెట్టుకుని, 600 యూరోలు కట్టి ఒక జర్నల్లో అచ్చేయించాడు. జర్మనీలో బిల్డ్ పత్రిక మొదటి పేజీకెక్కించింది, అక్కణ్నుంచి ఇరవైకి పైగా దేశాలు తిరిగింది, మన దేశానికీ వచ్చింది. ఎంతమంది మీద చేశావు బాబూ అని అడగడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు. ఆ ఖర్చు ఎందుకులే అనుకున్నట్టున్నారు. చివరికి అంతా ఉత్తదేనని ఆయనే చెప్పుకున్నాడు.

ఇంకోటి ఉంది. 1967లో ఓ పేరుమోసిన వైద్య పత్రికలో హార్వర్డ్ వాళ్లు రాసిన సమీక్ష గుండెజబ్బుల నేరం కొవ్వు మీదికి నెట్టి చక్కెరను తేలిగ్గా వదిలేసింది. దానికి చక్కెర పరిశ్రమ దాదాపు 6,500 డాలర్లు ఇచ్చిందని 2016లో పాత కాగితాల్లోంచి బయటికి తీశారు. ఇది మనకెలా తెలిసింది? పేపర్లో చదివే. పేపర్లను నమ్మొద్దు అనేవాడి చేతిలో సాక్ష్యం కూడా పేపర్ కటింగే కావడం కొంచెం ఇబ్బందే మరి.

మన దగ్గర ఈ సేవ మరింత ఉదారంగా సాగింది. విజయవాడ చుట్టుపక్కలే ఒకాయన నూనె చుక్క ముట్టొద్దన్నారు, ఉప్పు మానేయమన్నారు. కొన్నేళ్లకు అదే ఊరి నుంచి మరొకాయన కొబ్బరినూనె గ్లాసులో పోసుకుని తాగమన్నారు. పేర్లెందుకు, మీ ఇంట్లో ఇద్దరి భక్తులూ ఉండే ఉంటారు. ఇద్దరికీ ఛానళ్లు మైకిచ్చాయి, ఇద్దరి కార్యక్రమాల మధ్యా వంటనూనె ప్రకటన వచ్చింది, అందులో తెల్లకోటు వేసుకున్న ఒకాయన గుండె బొమ్మ చూపించి నవ్వాడు. దీన్నే సమతుల్యత అంటారు. ఇక పేపర్ల మీద నమ్మకం పోయినవాళ్లు ఎటు వెళ్లారయ్యా అంటే, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకి. అక్కడ ఖండనలూ సవరణలూ ఉండవు. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, తేనె కలిపి తాగితే బ్లాకులు కరిగిపోతాయని ఒక మామయ్య పెడతాడు, పదకొండు దండాలు పడతాయి, అయిపోయింది. స్టెంట్ పడ్డాయన కూడా ఒక దండం పెడతాడు.

నిజంగా పనికొచ్చే సంగతులతో వచ్చిన చిక్కేమిటంటే అవి మారవు. పొగ మానాలి, బీపీ చూసుకోవాలి, ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దు, నడవాలి. నిరుడూ ఇదే, ముందేడూ ఇదే, దీన్ని ఏమని వేస్తారు? 'ఉప్పు ఇంకా అలాగే ఉంది' అనా? డాల్డాలాంటి వాటిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చెరుపని గట్టిగా తేలాక, మన ఆహార భద్రతా సంస్థ 2022 జనవరి నుంచి దాన్ని 2 శాతానికి కట్టడి చేసింది. దీని మీద చర్చ పెట్టిన ఛానల్ ఏదైనా మీకు గుర్తుందా? 2024 మేలో మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 17 మార్గదర్శకాలిచ్చింది. పప్పులు, కూరగాయలు, నూనె, ఉప్పు, వ్యాయామం అన్నీ ఉన్నాయి. తెల్లారేసరికి ఊరంతా మాట్లాడుకుంది టీ గురించి. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దన్నారు, ఐరన్ ఒంటబట్టదని. మన వీధి చివరికి చేరేసరికి అది 'టీ తాగితే అంతే సంగతులు' అయింది, ఆ మాట టీ కొట్టు దగ్గరే విన్నాను.

అయినా పేపరు గుండెకు ఏమీ చేయలేదనకండి. బజ్జీల బండి దగ్గర చూడండి, నాలుగు మిరపకాయ బజ్జీలు పేపర్లో చుట్టిస్తే కాసేపట్లో 'గుండె పదిలం' శీర్షిక మీద నూనె మరక పాకి అక్షరాలు అద్దంలా కనిపిస్తాయి. ఆ నూనె మన లోపలికి పోవాల్సింది. ఈ మేలు కూడా ఓర్వలేక 2016లో ఆహార భద్రతా సంస్థ, పేపర్లలో తినుబండారాలు చుట్టొద్దు, సిరా ఒంటికి మంచిది కాదని హెచ్చరించింది.

కాబట్టి సంపాదకులకు ఒక వినతి. రోజూ రాశి ఫలాలు వేస్తున్నారు, వాటిని ఏ పాఠకుడూ 'పోయిన గురువారం ధనలాభం అన్నారుగా' అని పట్టుకోడు. ఆ పక్కనే చిన్న పెట్టె కట్టి గుండె ఫలాలు వేయండి. గుడ్డుకు ఉదయం 9.40 వరకు శుభం, తదుపరి వర్జ్యం. నెయ్యికి మిత్రుల సహకారం. కాఫీకి అనవసర వివాదాలు, సాయంత్రానికి అనుకూలం. కొబ్బరినూనెకు స్థానచలనం. ఏదైనా విషమని తేలేటట్టుంటే మాత్రం ముందురోజు సాయంత్రం ఆరులోపే చెప్పాలి, మినప్పప్పు రాత్రికి నానబెట్టాలి కనుక. అలాగే భోగి నుంచి ముక్కనుమ దాకా, అరిసెలూ గారెలూ మాంసం కూరా అయిపోయేంతవరకు, ఏ దేశపు విశ్వవిద్యాలయమూ ఏమీ కనిపెట్టకుండా చూడాలి. కనిపెట్టినా శాంపిల్ ఎంతమందో కనుక్కుంటున్నామని ఆపండి, పండగ దాటేస్తుంది.