వత్తుల లెక్క తేలింది, తరుగు లెక్క తేలలేదు

మాఘమాసంలో గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రవచనానికి వెళ్లాను. చివర్లో శ్రోతలు సందేహాల చీటీలు పంపారు. శనివారం గోళ్లు తీయవచ్చా? దీపంలో ఎన్ని వత్తులు వేయాలి? అద్దె ఇంట్లో చేరేముందు పాలు పొంగించాలా? పండితులు అన్నింటికీ ఓపికగా జవాబిచ్చారు. నా పక్కన కూర్చున్న మిర్చి వ్యాపారి వత్తుల సంఖ్యను చిన్న పుస్తకంలో రాసుకున్నారు. రైతు సరుకు తూకంలో ఎంత తరుగు తీస్తే పాపం అంటదో అడుగుతూ ఒక్క చీటీ కూడా రాలేదు.

అడిగినదానికి చెప్పడమే పండితుల పని అంటే సరే. కానీ అడగకపోయినా చెప్పవలసిన కథ వాళ్ల దగ్గరే ఉంది. మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తాపసి కదలకుండా నిలబడి తపస్సు చేస్తాడు. పిట్టలు అతని జడల్లో గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి ఎగిరిపోతాయి. ధర్మాన్ని సాధించేశానని అతను పొంగిపోతాడు. కాశీలో ఉన్న తులాధారుడికి నువ్వు సాటి రావని ఆకాశవాణి అంటుంది. వెళ్లి చూస్తే ఆ తులాధారుడు అంగట్లో సరుకు తూచి అమ్ముకునే వర్తకుడు! నా త్రాసు అన్ని ప్రాణులకూ సమంగా నిలుస్తుంది, అంతే నా ధర్మం అంటాడు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఏడాదికి ఒక్కసారైనా చెప్పవలసిన కథ ఇది.

ఇది హిందువుల సంగతే అనుకోవద్దు. 1842 నాటికే లూథరన్ క్రైస్తవ మిషనరీ హేయర్ అడుగుపెట్టిన ఊరు ఇది. బైబిల్లో సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అనే మొదలవుతుంది. ఖురాన్ 83వ సూరా తూకంలో తగ్గించి ఇచ్చేవాళ్లకు నాశనం అంటూ మొదలవుతుంది. మూడు మతాలూ త్రాసు దగ్గర ఒకే మాట చెప్పాయి. మైకుల్లో మాత్రం ఆ మాట వినపడదు.

జనం వచ్చేది మనశ్శాంతి కోసం, తూనికలు కొలతల శాఖ పనిని పండితులకు అప్పగిస్తావా అని ఒక మిత్రుడు విసుక్కున్నాడు. ఆ శాఖ కాటాకు ముద్ర వేసి వెళుతుంది. కాటా సరిగ్గా చూపించాక కూడా తేమ ఉంది, తాలు ఉంది అంటూ కిలోలు కోసే నోటికి ముద్ర వేయలేదు కదా.

తులాధారుడు త్రాసు దగ్గరే ఆగలేదు. ఎద్దుల ముక్కులు కుట్టి బరువులు మోయించడాన్నీ, మనుషులను దాసులుగా పెట్టుకోవడాన్నీ నిలదీశాడు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. మన దగ్గర ధర్మం అంటే దానమైపోయింది, కూలీ మాట ఎత్తేవాళ్లు లేరు. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లను చూడండి. ముక్కుకు చీర కొంగు కట్టుకుని, కాయల కుప్పల మధ్య పొద్దంతా కూర్చుంటారు. గోళ్ల సందుల్లోకి కారం దిగుతుంది. ఇంటికెళ్లాక ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ చేతులతో పసిబిడ్డ మొహం తుడవడానికి భయపడతారు. శనివారమా ఆదివారమా అని చూసుకునే తీరిక ఆ గోళ్లకు లేదు.

మళ్లీ కార్తీకంలో అక్కడే ప్రవచనం ఉందట. చీటీ ఇప్పుడే రాసి పెట్టుకున్నాను: ‘అయ్యా, వీళ్లకు రోజుకు ఎంత ఇస్తే ధర్మం?’