జానెడు దొరసాని కొలువు

బోన్సాయ్ పెంచేవాళ్ల మీద లోకంలో ఒక నింద ఉంది. బతికున్న చెట్టు చేతులు నరికి, ఒంటికి లోహపు తీగలు చుట్టి, రెండంగుళాల లోతు తట్టలో ఖైదు చేస్తారట. ఈ ఆరోపణను తీవ్రంగా ఖండిస్తున్నాను. మా ఇంట్లో నిర్బంధం ఉన్న మాట వాస్తవం. ఖైదీని మాత్రం నేను. జైలరు పేరు ఫ్యూషా, ఓ పూలమొక్క. ఎత్తు జానెడు, ఒంటి నిండా బుట్టకమ్మలు.

పువ్వు అందం గురించి పేచీ లేదు. ఎర్రటి రక్షకపత్రాలు నాలుగూ వెనక్కి విచ్చుకుంటాయి. వాటి లోపల ఊదారంగు రేకులు పరికిణీ కుచ్చిళ్లలా ముడుచుకుని ఉంటాయి. కిందికి ఎనిమిది కేసరాలు దారాల్లా వేలాడతాయి. ఈ జాతిలో ఎక్కువ భాగానికి పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. అక్కడ హమ్మింగ్ పక్షి గాల్లో నిలబడి కిందినుంచి ముక్కు పెట్టి తేనె తాగి పోతుంది. మనకు రెక్కలు లేవు గనక నేల మీద చతికిలబడి మెడ ఎత్తాలి. తల దించుకున్నది పువ్వే, సాగిలపడేది మాత్రం మనం.

పేరు వెనక కథలోనూ న్యాయం లేదు. షార్ల్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి కరీబియన్ దీవిలో ఈ మొక్కను చూసి, 1703లో అచ్చయిన తన పుస్తకంలో జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ ఫుక్స్ పేరు పెట్టాడు. ఆ ఫుక్స్ 1566లోనే కన్నుమూశాడు. ఆయన ఈ మొక్కను చూడనూ లేదు, దీనికి చెంబెడు నీళ్లు పోయనూ లేదు. బహుశా అందుకే ఆయన కీర్తి ఇంతకాలం పచ్చగా ఉంది. రోజూ పోసేవాడి పేరు మొక్కకు పెట్టిన దాఖలా నాకు కనబడలేదు.

ఇక నీళ్ల సంగతి. నా మొదటి ఫ్యూషా హత్య కేసులో నేను ఇస్తున్న వాంగ్మూలం ఇది. మధ్యాహ్నం ఎండకు ఆకులు వేలాడేశాయి. జాలిపడి నీళ్లు పోశాను. ఇంకా వేలాడాయి. ఇంకా పోశాను. మర్నాడూ అదే తీరు, నాదీ అదే ఔదార్యం. అసలు జరిగేదేమిటంటే, వేడికి ఆకులు నీటిని వదిలే వేగాన్ని వేళ్లు అందుకోలేవు, అందుకని మట్టి తడిగా ఉన్నా చెట్టు వాడుతుంది. నీడలో పెట్టి ఊరుకుంటే సాయంత్రానికి తనే లేచి కూర్చుంటుంది. మనం ఊరుకోం. పోసిన నీళ్లకు మట్టిలో గాలి పోతుంది, గాలాడక వేళ్లు కుళ్లుతాయి, కుళ్లిన వేళ్లు నీళ్లు తాగలేవు, తాగలేని చెట్టు మళ్లీ వాడుతుంది, వాడిన చెట్టుకు మనం మళ్లీ చెంబెత్తుతాం. చివరికి తట్టలోంచి తీసి చూస్తే వేళ్లు గోధుమరంగులో ఉన్నాయి. ఒకదాన్ని చేతివేళ్ల మధ్య పట్టుకుని లాగితే తోలు తొడుగులా జారి నా చేతికొచ్చింది, లోపలి సన్నదారం అక్కడే మిగిలింది. నీరు పల్లమెరుగు అంటారు. తట్ట అడుగున రంధ్రం మూసుకుపోతే అది కూడా ఎరగదు.

అలాగని ఎండగట్టకూడదు. ఒక్కసారి పూర్తిగా ఎండితే మొగ్గలన్నీ రాజీనామా చేస్తాయి. అందుకని ఇప్పుడు మట్టిలో సన్నపుల్ల గుచ్చి, తీసి, బుగ్గకు ఆనించుకుని తడి పరీక్షిస్తాను. చూసినవాళ్లు ఏమనుకుంటున్నారో నేను అడగలేదు.

తరవాతది గిల్లుడు. ఫ్యూషాకు ఆకులు సాధారణంగా ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. చిగురు కొన గిల్లితే ఆ జంట మొదళ్లనుంచి రెండు కొమ్మలొస్తాయి, అవి గిల్లితే నాలుగు. చెట్టు గుబురెక్కి, ఆకులు చిన్నవై, చూడముచ్చటగా ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్నవాడు తప్పకుండా ఫ్యూషా పెంచి ఉంటాడు. చిక్కల్లా ఒకటే. పువ్వు వచ్చేదీ ఆ కొత్త చిగురులోనే. గిల్లిన ప్రతిసారీ పూత ఆరు నుంచి ఎనిమిది వారాలు వెనక్కి పోతుంది. నేను రెండేళ్లు అవిచ్ఛిన్నంగా గిల్లాను. ఎవరైనా వచ్చి పువ్వులేవని అడిగితే, ప్రస్తుతం సంస్కరణల దశలో ఉన్నామనీ ఫలితాలు తరవాతి తరానికి అందుతాయనీ చెప్పాను. ఈ జవాబు విన్నవాళ్లెవరూ రెండో ప్రశ్న వేయలేదు, ఎక్కడో విన్నట్టుందని మాత్రం ఒకరన్నారు.

ఇంకో సంగతి. గిల్లితే ఆకు చిన్నదవుతుంది గానీ పువ్వు చిన్నదవదు. మోజుపడి ముద్దపువ్వు రకాన్ని తెచ్చి బోన్సాయ్ చేస్తే, పసిపిల్ల చెవులకు అమ్మమ్మ జుంకాలు తగిలించినట్టుంటుంది. మాగెల్లానికా, మైక్రోఫిల్లా లాంటి చిన్నపువ్వు రకాలయితే ఆ అవస్థ తప్పుతుంది. ఇది నాకు ఎప్పుడు తెలిసిందన్నది ఇక్కడ అప్రస్తుతం.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న పెద్దాయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆయన ఫ్యూషాకు తీగ చుట్టలేదు. లేతకొమ్మ పుటుక్కుమంటుంది, ముదిరిన కొమ్మ ఫటేలుమంటుంది. మొక్కైనా వంగదు, మానైనా వంగదు. న్యూజిలాండ్‌లో మావోరీలు కోటుకుటుకు అని పిలిచే ఫ్యూషా 12 మీటర్ల దాకా పెరుగుతుంది. అంతటి బంధువున్నవాళ్లకు ఆ మాత్రం బిగువుండదా? అందుకే అనుభవజ్ఞులు తీగ పక్కన పెట్టి, కావలసిన దిక్కుకు చూసే చిగురు పైన కత్తిరించి, ఆ చిగురు పెరిగేదాకా ఓపిక పడతారు. చెట్టు ఎటు పోదలచుకుందో కనిపెట్టి, అటే పొమ్మని ఆజ్ఞాపించడమన్నమాట. పాలన అంటే అదే కాబోలు.

తెల్లదోమ గురించి విడిగా చెప్పను. ఆకు వెనక చూడండి, ఉంటుంది.

ఈ ఏడు గిల్లడం ఆపేశాను. చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగాను. ఉదయపు ఎండ, తరవాత నీడ, పుల్లపరీక్ష, అంతే. ఏడోవారంలో ఒక కొమ్మ చివర ఆకుల మొదట్లో రెండు ఎర్రని చుక్కలు కనిపించాయి. అవి కాడలు సాచుకుని కిందికి దిగడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుంది. ఈలోగా మూడు రోజుల ప్రయాణం పడింది. సంచి సర్దుకుని, ఓ మాట చెప్పి వెళదామని తట్ట దగ్గరికి వెళ్లాను.

నేను చూస్తుండగానే ఒక మొగ్గ రాలింది. సంచి విప్పేశాను.