సెట్టు గారికి, ఎడమచేతితో

తిరుపతి,
ఆదివారం.

మహారాజరాజశ్రీ ఇంగ్లీషు మాట ‘సెట్’ గారి సముఖానికి,

ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాయడం మా పెద్దలు నేర్పిన మర్యాద. ఈసారి రాయలేను. మీరు కుశలంగానే ఉన్నారని ఊళ్లో ఎవరు నోరు తెరిచినా తెలుస్తోంది. నేను మాత్రం లేను. నా కుడి మణికట్టు విరిగింది. ఈ ఉత్తరాన్ని ఎడమచేతి బొటనవేలితో ఫోనులో కొడుతున్నాను. అచ్చుతప్పులు దొర్లితే ఆ పాపం కూడా మీ ఖాతాలోనే వేయండి.

జరిగింది చెబుతాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, పదవీ విరమణ డబ్బుతో మా పాత ఇంటిపైన ఒక అంతస్తు వేయిస్తున్నాను. పైకి బయటినుంచి మెట్లు. అవి మలుపు తిరిగే తీరు మా ఆవిడకు మొదటినుంచీ గిట్టలేదు. ‘ఈ మెట్లు మన ఇంటికి సెట్ కాలేదండీ’ అని వారం రోజులుగా ఒకటే పాట. పోయిన బుధవారం సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి వెళ్లి వచ్చేసరికి మేస్త్రి గేటు దగ్గరే ఆపి, ‘సార్, మెట్లు ఇంకా సెట్ కాలేదు’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కూలి ఇచ్చేది నేను, వంత పాడేది ఆవిడకా? ‘ఎందుకు సెట్ కాలేదో నేనూ చూస్తాను’ అంటూ విసురుగా పైకెక్కాను. మూడో మెట్టు మీద కాలు జారినప్పుడు తెలిసింది, అతను మాట్లాడింది అందం గురించి కాదు, సిమెంటు గురించి అని.

‘పచ్చిగా ఉంది సార్’ అని ఉంటే సరిపోయేది. ఆ పాటి మాటకు నా ఎముక మిగిలేది.

ఆ మర్నాడు ఇంజనీరు పరామర్శకు వచ్చి, కట్టు వైపు చూస్తూ సిమెంటు గురించి పాఠం చెప్పాడు. సిమెంటు ఆరిపోయి గట్టిపడుతుందని మనం అనుకుంటాం గాని, నీళ్లతో కలిసి రసాయనచర్య జరగడం వల్లే అది బిగుసుకుంటుందట. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాలకు ముందు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా బిగుసుకోవాలి. ఇదీ ప్రమాణం. లెక్కలు చెప్పినవాణ్ణి కదా, అంకెలు వినగానే కాస్త ఊరట కలిగింది. పోతూ పోతూ ఆయన, ‘మాస్టారూ, తూర్పువైపు మీకు సెట్‌బ్యాక్ చాలలేదు’ అన్నాడు. ఇంటికీ హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీ జాగా అన్నమాట. ఇంగ్లీషులో ఆ మాటకు ఎదురుదెబ్బ అనే అర్థం కూడా ఉంది. నాకు చాలినన్నే తగిలాయని చెప్పి పంపించాను.

మీ గొప్పతనం తెలియక ఈ ఫిర్యాదు చేస్తున్నానని అనుకోకండి. 1989లో 20 సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో అన్ని మాటలకన్నా ఎక్కువ చోటు ఆక్రమించింది మీరే. 430 అర్థాలు. వాటి వివరణకు దాదాపు 60,000 మాటలు. ఒక్క మాట అర్థం చెప్పడానికి ఓ మోస్తరు నవలంత రాశారన్నమాట. తర్వాత మీకు చెడ్డరోజులు వచ్చాయి. నిఘంటువును సవరిస్తూ పోయేకొద్దీ 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’ మిమ్మల్ని దాటేశాయి. ఆ ‘రన్’ గారికి ఒక్క క్రియగానే 645 అర్థాలట. అక్కడ పదవి ఊడిన దుగ్ధతోనేనా మీరు మా మీద పడింది?

పడ్డారు సరే, ఎంతమంది పొట్టగొట్టారో లెక్క వేసుకున్నారా? మంచాన పడ్డవాడికి వేరే పనేముంది, నేను వేశాను. గురువారం ఉదయం మా చెల్లెలు ఫోన్ చేసి, తన కూతురికి సంబంధం సెట్ అయిందని చెప్పింది. ఒకప్పుడు సంబంధాలు కుదిరేవి. పెళ్లికూతురికి రంగు నప్పేది, నగ అమరేది, అత్తవారింట్లో పిల్ల ఇమిడిపోయేది. తోడికోడళ్లకు పొసిగేది, లేదా పొసిగేది కాదు. ఈ అయిదు మాటల్లో ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పెడితే ముసలమ్మలు నవ్వేవారు. నగ పొసిగింది అనరు, కోడలు నప్పింది అనరు. ఇప్పుడు రంగూ నగా కోడలూ అన్నీ సెట్ అవుతున్నాయి. కాకపోతే సెట్ కావడం లేదు. మధ్యేమార్గం లేదు. పాలు కూడా తోడుకోవడం మానేశాయి. ‘చలికి పెరుగు సెట్ కాలేదు’ అని మా ఆవిడే అంది. ఆమె పుట్టింది పాకాల దగ్గర పల్లెలో, వాళ్లింట్లో ఎనిమిది ఆవులుండేవి. ఎవరికి చెప్పుకోను?

ఎదురింటి అమ్మాయి ఈఏపీసెట్‌కు చదువుతోంది. ఈ సెట్టుకూ మీకూ ఇంగ్లీషులో చుట్టరికం లేదు, అక్షరాలే వేరు. అది ఉమ్మడి ప్రవేశ పరీక్షకు పొట్టిపేరు. కానీ మా లిపిలోకి దిగేసరికి ఇద్దరూ కవలలైపోయారు. ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్, పాలీసెట్ అంటూ సంతానం కూడా పెరిగింది. ఆ పిల్ల మాదిరి పరీక్ష రాసి వచ్చి, ‘తాతయ్యా, నాకు సెట్ బి వచ్చింది, అందుకే సెట్ కాలేదు, ఈ మార్కులతో సెట్‌లో సీటు రాదు’ అంది. ఒక్క వాక్యంలో మూడుసార్లు! అర్థం కావడానికి కాగితం మీద బొమ్మ గీసుకోవాల్సి వచ్చింది.

బొమ్మ అంటే గుర్తొచ్చింది. బడిలో మిమ్మల్ని నేను ‘సమితి’ పేరుతో పరిచయం చేసేవాణ్ణి. కాంటర్ 1874లో పునాది వేసిన శాస్త్రం, ఆయన జర్మన్‌లో దాన్ని ‘మెంగె’ అన్నాడు, ఇంగ్లీషువాళ్లు మీ పేరు తగిలించారు. 1985లో మండలాలు వచ్చి, ఆ వెనకే పంచాయతీ సమితులు పోయినా, నేను ఉద్యోగంలో చేరేనాటికి పల్లెల్లో ఆ మాట ఇంకా బతికే ఉంది. ‘సార్, ఈ సమితికి ప్రెసిడెంటు ఎవరు?’ అని ఒక కుర్రాడు అడిగాడు. ఆ రోజు నవ్వాను. సమితికి రెండు అర్థాలున్నందుకు ఎవరి చెయ్యీ విరగలేదు కాబట్టి నవ్వగలిగాను.

న్యాయంగా చెప్పాలంటే మీరు ఒళ్లు వంచి పనిచేసే చోటు ఒకటుంది. చిత్తూరు పల్లెల్లో పంపుసెట్టు. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు సరిగా పడక రైతు ఆకాశం వైపు చూస్తుంటే, పడ్డ ఆ కాసిని నీళ్లను పైకి లాగేది మీరే. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఇంగ్లీషువారని అనుకోరు. చివర ‘టు’ చేర్చి ఇంటివాణ్ణి చేసుకున్నారు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు పోలీసుల చేతిలో గరగరలాడే సెట్టు మీద కూడా నాకు కోపం లేదు. టిఫిను సెంటర్లో సెట్ దోశ మీద అసలే లేదు. గాంధీ రోడ్డులో ఎర్రచందనం బొమ్మల దుకాణం మీద మాత్రం ఉంది. దశావతారాల్లో మా ఇంట్లో కూర్మం ఒక్కటే పోయిందయ్యా, అదొక్కటి ఇవ్వు అంటే, ‘సెట్టు విడదీయం సార్’ అన్నాడు. ఇప్పుడు మా కొలువులో మత్స్యాలు రెండు, వరాహాలు రెండు.

ఇక పుత్తూరు సంగతి. నన్ను కారులో వేసుకుని చెన్నై దారిలో అక్కడికే తీసుకెళ్లారు. మా వైపు ఎముక విరిగితే నోటికి ముందు వచ్చేది ఆ ఊరి పేరే. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డపీలికలు. కట్టేటప్పుడు ప్రాణం పోయి వచ్చింది. కట్టినాయన నా మణికట్టును బొటనవేలితో ఒత్తి చూసి, ‘కూర్చుంది సార్, ఎముక దాని చోట అది కూర్చుంది’ అన్నాడు. పక్క బల్ల మీద కాలు చాపుకున్న కుర్రాడు ఫోనులో, ‘ఎముక సెట్ చేశారమ్మా’ అంటున్నాడు.

అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకే మాట అన్నారు. పాత ఇంగ్లీషులో మీ పూర్వీకుడు ‘సెట్టన్’, అంటే కూర్చోబెట్టడం. సంస్కృతంలో ‘సద్’ ధాతువుదీ మీదీ ఒకే వంశం. ఆ వరసన సదస్సు, ఉపనిషత్తు మీకు దాయాదులు. అంతెందుకు, ప్రసాదం కూడా. ‘ప్ర’ చేరిన ఆ ‘సద్’ నుంచి పుట్టిందే. 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మా కొండమీది లడ్డూ ప్రసాదంతో మీకు రక్తసంబంధం ఉందని తెలిస్తే ఊళ్లో మీ పరపతి ఇంకా పెరిగిపోతుంది, అందుకే ఈ విషయం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కప్పుల సెట్టులో ఉండే మీరు మాత్రం వేరే ఇంటివారు. వెంట నడిచే గుంపు అనే అర్థమున్న లాటిన్ ‘సెక్టా’ ఫ్రెంచి మీదుగా వచ్చి మీ ఇంటిపేరు పెట్టుకుంది. కూర్చోబెట్టడం ఒకటి, కూర్చడం ఇంకొకటి. చూశారా, తెలుగులో రాస్తుంటే మాకు కూడా రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి.

ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను, మెచ్చుకుంటుందని. ఆమె కంది బేడలు ఏరుతూనే, ‘మీ కట్టు మాత్రం తక్కువ తిన్నదా?’ అంది.

ఏమిటన్నాను.

‘ఇల్లు కట్టారు. దానికి పన్ను కట్టారు. కట్టుకున్నదాని మాట వినకుండా మెట్లెక్కి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నారు. నిన్న కరెంటు బిల్లు కూడా కట్టారు. నాకు అన్నీ అర్థమయ్యాయి మరి.’

నా దగ్గర జవాబు లేదు. ఉందిగాని, చేతికి అన్నం కలిపి పెట్టేది ఆమే కాబట్టి చెప్పలేదు. మీకు చెబుతాను: కట్టు ఎక్కడికి వెళ్లినా ఇంటినో, పన్నునో, తాళినో చెయ్యి పట్టుకుని వెళుతుంది. మీరు ఒంటరిగా... అని రాస్తుండగా గుర్తొచ్చింది, మీతో కూడా మెట్లు ఉన్నాయి. సరే, ఈ వాదన వదిలేస్తున్నాను.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా వచ్చేసరికి మేస్త్రి ఫోన్ చేశాడు. ‘సార్, మెట్లు సెట్ అయ్యాయి, ఇక భయం లేదు’ అన్నాడు.

‘బిగుసుకున్నాయా, ఇంటికి నప్పాయా, లేక మొత్తం వరస పూర్తయిందా?’ అని అడిగాను.

అటువైపు నుంచి చాలాసేపు మాట లేదు.

‘అమ్మగారికి ఇవ్వండి సార్’ అన్నాడు.

ఇట్లు,
ఒంటిచేతి లెక్కల మాస్టారు