మట్టంగా లేని సముద్ర మట్టం గారికి

మహారాజశ్రీ సముద్ర మట్టం గారికి,

ఉభయకుశలోపరి. కొండ ఎత్తు చెప్పాలన్నా, విమానం ఎత్తు చెప్పాలన్నా అందరూ మీ పేరే చెబుతారు. అంత పెద్దమనిషి తీరా చూస్తే ఎక్కడా మట్టంగా ఉండరు. శ్రీలంకకు దక్షిణాన అయితే వంద మీటర్లకు పైగా పల్లంలో పడుకున్నారు. గురుత్వాకర్షణ అక్కడ బలహీనమని మీ సంజాయిషీ. ఓడలో పోయేవాడికి ఆ పల్లం తెలియనే తెలియదు. రసమట్టంలో బుడగ కూడా మీకే వంత పాడుతుంది.

అందుకే మీ ఎత్తు కొలిచే మేం 1992లో టోపెక్స్-పొసైడాన్ ఉపగ్రహాన్ని 1,336 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, పైనుంచి రాడార్ వేశాం. ఉపగ్రహం ఎత్తులోంచి రాడార్ చెప్పిన దూరం తీసేస్తే మీరు మిగలాలి. కాగితం మీద ఇంతే లెక్క.

కానీ ఆ ఉపగ్రహం ఎక్కడుందో తేల్చడానికే లేజర్లు, డోరిస్ అనే రేడియో సంకేతాల ఏర్పాటు, జీపీఎస్ మూడూ కాపలా కాయాలి. అప్పటికీ ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ. తర్వాత గాలి. పొడి గాలి రాడార్ తరంగాన్ని నెమ్మది చేసి, దూరాన్ని 2.3 మీటర్లు సాగదీస్తుంది, అయినా మర్యాదస్తురాలు: పీడనం చెబితే లెక్క అప్పజెబుతుంది. నీటి ఆవిరి అలా కాదు. దాని వాటా నలభై సెంటీమీటర్ల లోపే, గంటకో మాట. దాన్ని కనిపెట్టుకుని ఉండమని, ఆవిరిని కొలిచే రేడియోమీటర్‌ను ఉపగ్రహంలోనే పక్కన కూర్చోబెడితే, తీరం దగ్గర నేల కనబడగానే దానికి బుర్ర తిరుగుతుంది.

ఇక మీ సంగతి. అలల శిఖరాలకన్నా పల్లాలే రాడార్‌ను బాగా తిప్పికొడతాయి కాబట్టి ఉన్నదానికన్నా తక్కువగా కనబడతారు. ఏం వినయమండీ! గాలి పీడనం ఒక్క హెక్టోపాస్కల్ పెరిగితే సెంటీమీటరు వంగి దండం పెడతారు.

మాలోనూ ఘనులున్నారు లెండి. రాడార్ తరంగం వెళ్లొచ్చే సమయాన్ని కొలిచే టోపెక్స్ గడియారానికి చేసే సవరణలో ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయి. 1996లో అది బయటపడేదాకా, మీరు నిజానికన్నా వేగంగా పెరుగుతున్నారని చాటుకున్నాం.

ఇంతా చేసి మేం వెతికేది ఏడాదికి సుమారు మూడు మిల్లీమీటర్ల పెరుగుదల. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. కాకపోతే ఈ ఎలుక ఏటా పెరుగుతోంది. తీరంలోని కొలబద్దల్ని సాక్ష్యం అడుగుదామంటే, కొన్నిచోట్ల ఆ సాక్షి నిలబడ్డ నేలే కుంగుతోంది.

టోపెక్స్ తర్వాత దాని వారసులుగా జేసన్ ఉపగ్రహాలు వచ్చాయి, ఇప్పుడు సెంటినెల్-6 ఉంది. ఉపగ్రహం మారినా పాత దారినే, పది రోజులకోసారి మీ మీదుగా వెళ్తున్నాం. మళ్లీ వచ్చేదాకా దయచేసి కదలకండి.

ఇట్లు,
కూడుతూ, తీసేస్తూ బతుకుతున్న
మీ విధేయుడు