మా తెనాలికి పోటీ వచ్చిన ఇంకో ప్యారిస్

నాది తెనాలి. అంటే పుట్టినప్పట్నుంచీ నేను ప్యారిస్‌లోనే ఉన్నట్టు లెక్క. ఆంధ్రా ప్యారిస్ అని మా ఊరికి ఎవరు పేరు పెట్టారో గానీ, ఆ పెట్టినాయన మీద గౌరవం కొద్దీ మా ఇంట్లో ఎవ్వరం ఇంతవరకూ అసలు ప్యారిస్ వెళ్లి సరిచూసుకోలేదు. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు పుట్టుకతోనే వచ్చింది, ఆ హోదాలోనే చెప్తున్నా, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌ని "దక్షిణ అమెరికా ప్యారిస్" అన్న మొదటివాడెవడో దొరికితే మా మూడు కాలవల్లో ఒకదాన్లో ముంచాలి. ఏ కాలవో వాడే ఎంచుకోవచ్చు.

ఆ ఊరు చూడ్డానికెళ్లిన మా గ్రూపులో ఒక అన్నగారున్నారు. ఆయన నిజంగానే ప్యారిస్ చూసొచ్చారు, రెండున్నర రోజులు, అందులో ఒకరోజు డిస్నీల్యాండ్. ఇక ఆయన్ని ఆపేదెవరు? అవెనీదా దె మాయో అనే పెద్ద వీధిలో బాల్కనీలు చూసి "అచ్చం ప్యారిస్." మెట్రో మెట్లు దిగుతూ "ప్యారిస్ మెట్రోనే తమ్ముడూ." ఆ మెట్రో 1913 నాటిది, దక్షిణార్ధగోళంలోనే మొదటిది, మన హైదరాబాద్‌కి మెట్రో వచ్చింది 2017లో, కాస్త ఆగి చూద్దామంటే వినరు. రెకొలేతా శ్మశానంలో, ఒకప్పటి అధ్యక్షుడు పెరోన్ భార్య ఎవితా సమాధి ముందు నిలబడి కూడా ప్యారిస్‌లో ఇంతకంటే పెద్ద శ్మశానం ఉందన్నారు. ఒబెలిస్కో దగ్గర నాకు కొంచెం ఆశ కలిగింది, 1936లో కట్టిన 67న్నర మీటర్ల నున్నటి తెల్ల స్తంభం, దీనికేం చెప్తాడో చూద్దాం అనుకున్నా. ఆయన తల పైకెత్తి, కిందికి దించి, బాగా ఆలోచించి, "ఈఫిల్ టవరే, కాకపోతే సిమెంట్ చేశారు" అన్నారు.

ఫ్లోరిడా వీధిలో మాత్రం నోరు మూతపడింది. అక్కడ మనుషులు వరసగా నిలబడి "కాంబియో కాంబియో కాంబియో" అని డాలర్లు మార్చుకోమని అరుస్తుంటారు, వీళ్లని చిన్న చెట్లంటారు, అర్బొలీతో అని. ఆ రాగం మా బస్టాండులో "గుంటూర్ గుంటూర్ గుంటూర్" రాగమే. నాకు ప్రాణం లేచొచ్చింది, అన్నగారికి మాత్రం పోలిక దొరక్క మొహం చిన్నబోయింది.

ఇక భోజనం. రాత్రి ఏడున్నరకి ఆకలేసి హోటల్‌కి వెళ్తే కుర్చీలు ఇంకా టేబుళ్ల మీదే బోర్లా ఉన్నాయి. ఆ ఊళ్లో తొమ్మిది దాటితే గానీ ఎవడూ తినడు, పదింటికి చంటిపిల్లల్తో సహా వస్తారు. "ప్యారిస్‌లో కూడా లేటే" అన్నారు అన్నగారు, డిస్నీల్యాండ్‌లో ఎన్నింటికి తిన్నారో అడగలేదు. ఆరోజు శనివారం, ఆయనకి నీచు పనికిరాదు. "కార్నే వద్దు, కార్నే వద్దు" అని వెయిటర్‌కి నాలుగుసార్లు చెప్పారు. ఆ ఊరి లెక్కలో కార్నే అంటే ఎద్దుమాంసం, మిగిలినవన్నీ దాదాపు ఆకుకూరల కిందే జమ. వెయిటర్ కూడా భక్తిగా తలూపి, లోపలికెళ్లి, కజ్జికాయల్లాంటి ఎంపనాడలు వేడివేడిగా తెచ్చి పెట్టాడు, అన్నగారు రెండు లాగించి, "అచ్చం ప్యారిస్‌లో తిన్న చీజ్" అని మూడోది విరిచి చూస్తే లోపల గులాబీ రంగులో పందిమాంసం. ఆ రాత్రంతా వెంకటేశ్వరస్వామికి ఏం సంజాయిషీ చెప్పుకున్నారో మరి, పొద్దున మాత్రం ప్యారిస్ మాట కాసేపు ఎత్తలేదు.

మర్నాడు ప్లాసా దె మాయో అనే చౌక్. మధ్యలో చిన్న పిరమిడ్, దాని చుట్టూ నేల మీద తెల్ల రంగుతో తలగుడ్డల బొమ్మలు. "డిజైన్ బాగుంది, ఒకటి తియ్యి తమ్ముడూ" అని అన్నగారు సరిగ్గా ఒక గుడ్డ మీదికెక్కి చేతులు చాపారు.

డిజైన్!

అవి తల్లుల తలగుడ్డలు. 1976 నుంచి 1983 దాకా సైన్యం పాలించినప్పుడు మాయమైనవాళ్లు మానవ హక్కుల సంఘాల లెక్కలో 30,000 మంది. 1977 ఏప్రిల్ 30న పద్నాలుగు మంది తల్లులు మా పిల్లలేరీ అని ఈ చౌక్‌కి వచ్చారు, గుంపుగా నిలబడకూడదు నడవండి అన్నారు పోలీసులు, సరేనని నడిచారు. ఇప్పటికీ గురువారం గురువారం అదే నడక. ఆ గుడ్డలు మొదట్లో ఏంటో తెలుసా, ఆ పిల్లలకి చంటప్పుడు కట్టిన లంగోటీల గుడ్డలు. వాళ్లని కూడగట్టిన అసుసేనా విల్యాఫ్లోర్‌నే ఆ డిసెంబర్లో ఎత్తుకుపోయి బతికుండగానే విమానంలోంచి సముద్రంలోకి తోసేశారు, ఆమె ఎముకల్ని 2005లో గుర్తుపట్టారు, బూడిద ఈ పిరమిడ్ కిందే పెట్టారు. మా అన్నగారి బూటుకి నాలుగడుగుల దూరంలో ఉండొచ్చు.

ప్యారిస్ కావాలా మీకు? ఉంది, తీసుకోండి. తమ పాలన మీద తిరగబడ్డ అల్జీరియాతో చేసిన యుద్ధంలో జనాన్ని ఎత్తుకెళ్లి, హింసించి, మాయం చేసిన పద్ధతుల్ని ఫ్రెంచ్ ఆఫీసర్లే 1950ల చివర్నుంచి అర్జెంటీనా సైన్యానికి కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. ఆ పాఠం ఎంత బాగా వంటబట్టిందంటే అసుసేనాని ఎత్తుకుపోయిన ఆ వారంలోనే ఇద్దరు ఫ్రెంచ్ సన్యాసినుల్ని కూడా మాయం చేశారు. బాల్కనీల దగ్గర అంత గట్టిగా కనిపించిన పోలిక ఇక్కడెందుకు కనపళ్లేదు ఎవడికీ?

ఇదంతా అన్నగారికి చెప్పా, గొంతు కూడా కొంచెం లేచింది. ఆయన పాపం నిజంగానే బాధపడ్డారు, "అయ్యో, పాపం తల్లులు" అన్నారు, బస్సెక్కేదాకా మాట్లాడలేదు.

రాత్రికి ఫోటో పెట్టేశారు. బూటు సరిగ్గా గుడ్డ మీదే ఉంది. కింద ఎవరో "ప్యారిసా అన్నా?" అని అడిగితే దానికో ఎర్ర గుండె కూడా కొట్టారు.