210 చాలదా, 450 కావాల్సిందేనా? చిత్తూరు దారుల్లో సీసీల లెక్క

డ్యూయల్ స్పోర్ట్ బండి, అంటే తారు మీదా మట్టిలోనూ నడిచే మోటార్ సైకిల్ కొనాలంటే ఇంతకుముందు ఇంజిన్ గురించి, సస్పెన్షన్ గురించి మాట్లాడుకునేవాళ్లం. 2025 సెప్టెంబరు 22 నుంచి ముందుగా పన్ను గురించి మాట్లాడుకోవాల్సి వస్తోంది. ఆ రోజుతో 350 సీసీ లోపు మోటార్ సైకిళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. 350 దాటినవాటికి సెస్సుతో కలిపి 31 శాతం దాకా ఉన్నది 40కి ఎక్కింది. మన దగ్గర చాలామంది ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకునే హీరో ఎక్స్‌పల్స్ 210, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 ఆ గీతకు చెరో పక్కన పడ్డాయి.

లెక్క వేసి చూద్దాం. చిన్న బండి ఎక్స్-షోరూమ్ ధర 1,62,000 అనుకుంటే అందులో జీఎస్టీ సుమారు 24,700. పెద్ద బండి 3,06,000 అనుకుంటే అందులో పన్నే 87,400 దాకా ఉంటుంది. రెండింటికీ తేడా 1,44,000. అందులో దాదాపు 63 వేలు పన్నుల తేడా. అంటే అదనపు సీసీలు, పెద్ద ట్యాంకు, పెద్ద బ్రేకులు వీటన్నిటికీ కలిపి మనం ఇచ్చేది 81 వేలే. లైఫ్ ట్యాక్స్ కూడా ధర మీద శాతంగానే పడుతుంది కాబట్టి అక్కడా తేడా పెరుగుతుంది. బీమా సంగతీ అంతే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం కొత్త బండికి తప్పనిసరిగా కట్టాల్సిన ఐదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150-350 సీసీకి 7,365 రూపాయలు, ఆపైన 15,117. ఇంజిన్ సైజును బట్టి విలాసాన్ని కొలవడం మోటు పద్ధతే. కానీ బిల్లు కట్టేది ఆ కొలతతోనే.

సరే, డబ్బు సంగతి పక్కన పెడదాం. ఈ బండి తిరిగే మట్టి ఎక్కడుంది?

యూట్యూబ్ వీడియోలు చూసి శేషాచలం అడవుల్లో తొక్కేయాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. ఆ దారులు మనవి కావు. శ్రీవేంకటేశ్వర జాతీయ వనంలో అనుమతి లేకుండా బండి దూర్చడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఎర్రచందనం కాపలా ఉన్న కొండల్లో అనుమానాస్పదంగా తిరిగే బండిని ఎవరూ ఊరికే వదలరు. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం కూడా అంతే, అక్కడ ఏనుగులు అదనం. తలకోన దాకా తారు రోడ్డే. ఇక మిగిలేవి మామిడి తోపుల మధ్య బండ్ల బాటలు, చెరువు కట్టలు, గ్రానైట్ క్వారీలకు పోయే గతుకుల దారులు, వేసవిలో ఎండిపోయిన వంకలు, స్వర్ణముఖి ఇసుక. ఇవన్నీ ఇరుకు దారులు. వేగం 20, 30 దాటదు. రాళ్లు తేలిన ఎర్రమట్టి మీద ముందు చక్రం జారితే బండిని నిలబెట్టేది ఇంజిన్ కాదు, మీ కాలు.

అందుకే ఈ ప్రాంతంలో మట్టి దారికి సంబంధించినంతవరకు చూడాల్సిన మొదటి అంకె బరువు. ఎక్స్‌పల్స్ 210 సుమారు 168 కిలోలు, హిమాలయన్ 450 అయితే 196. తేడా 28 కిలోలు, ఒక 26 కిలోల బియ్యం బస్తా కన్నా ఎక్కువే. సీటు ఎత్తులో తేడా పెద్దగా లేదు. ఒకటి 830 మి.మీ., రెండోది 825. గ్రౌండ్ క్లియరెన్స్ 220, 230. సస్పెన్షన్ ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదిలే దూరం, చిన్నదానికి ముందు 210, వెనక 205, పెద్దదానికి రెండువైపులా 200. కాగితం మీద ఇవన్నీ దాదాపు సమానమే. కానీ తోపు మధ్యలో బండి పడిపోయాక ఈ అంకెలేవీ అక్కరకు రావు. ఎత్తాల్సింది బరువునే.

ఎత్తడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు ఇంజిన్ ఆపాలి. బండి కుడివైపుకు పడి ఉంటే సైడ్ స్టాండ్ ముందే దించుకోవాలి. లేకపోతే పైకి లేపిన ఊపులో అవతలికి పడుతుంది. ఫస్ట్ గేర్‌లో ఉంచితే జారదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, బండికి వీపు పెట్టి, ఒక చేత్తో గ్రిప్, ఇంకో చేత్తో సీటు కింద ఫ్రేమ్ పట్టుకుని కాళ్ల బలంతో వెనక్కి నడవాలి. నడుము వంచి లాగితే మర్నాడు మంచం దిగలేరు. 168 కిలోలను ఇలా ఒక్కరే రెండు మూడుసార్లు ఎత్తవచ్చు. 196 కిలోలకు తోడు పక్క పెట్టెలు కూడా కట్టి ఉంటే, మట్టి వాలులో రెండోసారికే ఊపిరి తిరగదు. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

ఇసుకలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బరువున్న బండి ముందు చక్రం లోపలికి దున్నుకుంటూ పోతుంది. భయపడి థ్రాటిల్ వదిలితే బరువంతా ముందుకు పడి ఇంకా కూరుకుపోతుంది. సెకండ్ గేర్‌లో, ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి, ఒళ్లు కొంచెం వెనక్కి పెట్టి, థ్రాటిల్ నిలకడగా ఇస్తూ పోవాలి. క్లచ్ సగం పట్టి లాగించకూడదు. ఐదు నిమిషాల్లో ప్లేట్లు కాలిన వాసన వస్తుంది. టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. ట్యూబ్ టైరులో అంతకన్నా బాగా దించేస్తే రిమ్ మీద టైరు జారి, దాంతోపాటు ట్యూబు తిరిగి, వాల్వ్ మొదట్లో చిరుగుతుంది. ఆ చిరుగుకు ప్యాచ్ పడదు. తారెక్కే ముందు గాలి మళ్లీ నింపుకోవాలి కాబట్టి చిన్న పంపు వెంట ఉండాల్సిందే.

ఇంతవరకూ చదివి 210 గెలిచేసిందనుకోవద్దు. తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లలో చాలామంది బండి కిలోమీటర్లు తోపుల్లో తిరగవు. బెంగళూరు, చెన్నై దారుల్లో తిరుగుతాయి. తిరుపతి నుంచి బెంగళూరు 250 కి.మీ. చిల్లర, మధ్యలో మొగిలి ఘాట్. ఇక్కడ పెద్ద ఇంజిన్ మాట వేరు. ఎక్స్‌పల్స్ 24.6 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి ఇస్తుంది. దాని గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 20.7 న్యూటన్ మీటర్లు, అది కూడా 7,250 ఆర్పీఎం దగ్గర. హిమాలయన్ ఇచ్చేది 40 పీఎస్, 5,500 ఆర్పీఎం దగ్గర 40 న్యూటన్ మీటర్లు. లారీని దాటేటప్పుడు చిన్న బండి గేరు తగ్గించి, ఇంజిన్‌ను అరిపించి, అప్పుడు దాటాలి. పెద్దది ఉన్న గేర్లోనే సాగిపోతుంది.

డబుల్స్ సంగతికి వద్దాం. 70 కిలోల మనిషి ఒక్కడే ఎక్స్‌పల్స్ ఎక్కితే మొత్తం బరువు 238 కిలోలు, అంటే టన్నుకు సుమారు 103 పీఎస్. అదే బండి మీద ఇద్దరూ, 20 కిలోల సామానూ ఎక్కితే అది 75కి పడిపోతుంది. హిమాలయన్ మీద అదే ఇద్దరు, అదే సామానుతో టన్నుకు 112. అంటే ఇద్దరిని ఎక్కించుకున్న 450, ఒక్కరే ఎక్కిన 210 కన్నా చురుగ్గా ఉంటుంది. భార్యతోనో స్నేహితుడితోనో నెలకు రెండుసార్లు హైవే ఎక్కేవాడికి ఈ ఒక్క లెక్క చాలు, 63 వేల పన్ను తిట్టుకుంటూనైనా కట్టేయవచ్చు. ట్యాంకు కూడా 17 లీటర్లు, చిన్నదానికి 13. అయితే పెద్దది పెట్రోలు ఎక్కువ తాగుతుంది కాబట్టి, ఒక్క ట్యాంకుతో వెళ్లే దూరంలో మనం ఊహించినంత తేడా రాదు.

తిరుమల ఘాట్ కోసం పెద్ద ఇంజిన్ కావాలనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన నిలబడదు. అలిపిరి టోల్‌గేట్ దాటిన సమయం చూసుకుని, పైకి మరీ తొందరగా చేరితే జరిమానా వేసే పద్ధతి ఉన్నచోట అదనపు శక్తి ఎక్కడ వాడుతారు? అక్కడ పరీక్ష దిగేటప్పుడు ఉంటుంది. 1944లో తెరిచిన పాత ఘాట్‌లో మలుపు మీద మలుపు. ఇద్దరితో దిగుతూ వెనక బ్రేకు నొక్కిపట్టే ఉంచితే డిస్క్ వేడెక్కి, బ్రేక్ ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. పాతబడిన ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్పించాలి. సెకండ్ లేదా థర్డ్ గేర్‌లో ఇంజిన్ బ్రేకింగ్‌తో దిగుతూ, మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి వేసి వదిలేయాలి. పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజిన్ దిగుడులో బాగా పట్టి ఉంచుతుంది. ముందు డిస్క్ కూడా 320 మి.మీ., చిన్నదానిది 276. ఈ విషయంలో 450కే మార్కులు వేయాలి. అలాగని పద్ధతిగా దిగేవాడికి 210 బ్రేకులు తక్కువేమీ కావు.

రెండు బండ్లకూ ముందు చక్రం 21 అంగుళాలు. కొన్నాక చాలామందికి తెలిసొచ్చే సంగతి ఇది: పల్లె పంచర్ షాపులో 21 అంగుళాల ట్యూబు దొరకదు. ఒకటి వెంట ఉంచుకోవాలి. అవసరం పడితే అదే ట్యూబును ఎక్స్‌పల్స్ 18 అంగుళాల వెనక చక్రంలో కూడా మడత పడకుండా సర్ది, కొంచెం గాలి కొట్టి ఇంటికి చేరుకోవచ్చు. అది తాత్కాలికమే, మర్నాడే మార్చాలి. హిమాలయన్‌లో ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలున్న వేరియంట్ దొరుకుతుంది. మన దారుల్లో కంపచెట్ల ముళ్లు ఎన్నుంటాయో తెలిసినవాడు రంగుకో, పెట్టెలకో పెట్టే డబ్బు ముందు దానికే పెడతాడు.

సర్వీసులో రెంటికీ ఒకటే జబ్బు, దుమ్ము. క్వారీ దారుల్లో తిరిగితే ఎయిర్ ఫిల్టర్‌ను మాన్యువల్‌లో రాసిన గడువుకు సగంలోనే తీసి చూడాలి. రెండూ లిక్విడ్ కూల్డ్ ఇంజిన్లే. బురదలో తిరిగొచ్చాక రేడియేటర్ రెక్కల్లో మట్టి ఎండితే, వేసవి ట్రాఫిక్‌లో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. దాన్ని ప్రెషర్ వాషర్‌తో దగ్గర నుంచి కొడితే రెక్కలు వంగిపోతాయి, మామూలు పైపు నీళ్లతో నానబెట్టి కడగాలి. స్పోక్‌లు మొదటి సర్వీసులో బిగుతు చూపించి, ఆ తర్వాత ప్రతి గతుకుల ప్రయాణం తర్వాత వేలితో మీటి చూడాలి. వదులైనది మొద్దు శబ్దం చేస్తుంది. అక్టోబరు-డిసెంబరు వానల్లో వంక దాటుతూ ఇంజిన్ ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, అప్పుడు సెల్ఫ్ కొట్టి నీళ్లు బయటికి పంపాలి. ఇంజిన్ ఆయిల్ పాలలా మారి ఉంటే స్టార్ట్ చేయకుండా బండిని ఆటోలో ఎక్కించడమే మంచిది.

వెనక స్ప్రింగ్ ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే ఎంత నొక్కి ఉంచామన్నది) సరిచూసుకునేవాళ్లు అరుదు. వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నుంచి సీటు వెనక ఒక గుర్తు దాకా టేపుతో కొలవాలి. తర్వాత మీరు మామూలుగా మోసే బరువుతో కూర్చుని మళ్లీ కొలిపించాలి. తేడా ట్రావెల్‌లో మూడో వంతుకు కొంచెం తక్కువ, అంటే ఈ రెండు బండ్లకూ సుమారు 60 మి.మీ. రావాలి. ఎక్కువ వస్తే ప్రీలోడ్ బిగించాలి. సగం మంది బండి బాగాలేదని చెప్పే ఫిర్యాదు ఈ పది నిమిషాల పనితో పోతుంది.

మా అభిప్రాయం: హిమాలయన్ 450 మెరుగైన మోటార్ సైకిల్, ఎక్స్‌పల్స్ 210 ఈ ఊళ్లకు మెరుగైన ఎంపిక. ఒంటరిగా తిరిగేవాడికి, మట్టి దారి ఇప్పుడే నేర్చుకుంటున్నవాడికి, తోపుకూ ఊరికీ మధ్య రోజూ తిరిగే రైతుకు 210. నెలలో సగం కిలోమీటర్లు ఇద్దరితో హైవే మీద పోయేవాడికి 450. రెంటికీ మధ్యలో పాత హిమాలయన్ 411ను సెకండ్ హ్యాండ్‌లో వెతికేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని బరువు 199 కిలోలు, శక్తి 24.3 బీహెచ్‌పీ. ధర తక్కువన్న ఒక్క సుఖం తప్ప, పెద్ద బండి బరువూ చిన్న బండి శక్తీ కలిపి కొన్నట్టే.

షోరూమ్‌లో టెస్ట్ రైడ్ అడిగితే ఖాళీ బైపాస్ మీద ఒక చుట్టు తిప్పి తెమ్మంటారు. అది చాలదు. వెనక కూర్చోబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. ట్యాంకులో పెట్రోలు సగమైనా ఉందో లేదో చూడండి. ఇంజిన్ ఆపి, షోరూమ్ ర్యాంప్ మీద బండిని వెనక్కి నెట్టి, పైకి తోసి, రెండు వైపులా తిప్పి పార్క్ చేయండి. ఆ తర్వాతే స్టార్ట్ చేసి, ఇద్దరూ ఎక్కి, ఏదైనా ఎత్తులో సగంలో ఆగి మళ్లీ కదిలించండి.